చక్రాల్లేని బండి

అక్కయ్యకు నమస్కారం.

నేను క్షేమం. నువ్వు క్షేమమని తలుస్తాను. క్లినిక్ బాగానే నడుస్తోంది. వర్షాలు తగ్గాయి. పోయిన వారం నుంచి హెలికాప్టర్ నేర్చుకుంటున్నాను. ఇంతకు మించి విశేషాలు లేవు.

నీ తమ్ముడు

తా.క. ఫోన్‌లో నా మాట నీకు బొత్తిగా వినపడటం లేదు గనక ఉత్తరం రాయాల్సి వచ్చింది. చెవులు ఎవరికైనా చూపించుకో.

---

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

నీ ఉత్తరం అందింది. దాన్ని ఉత్తరం అనడానికి మనసొప్పడం లేదు. రోగికి రాసిచ్చే మందుచీటీ ఇంతకంటే పొడుగ్గా ఉంటుంది. 

మొత్తానికి బండి కొన్నావన్నమాట. సంతోషం. ఎన్నాళ్ళని ఆ క్లినిక్ మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటావు. కానీ ఆ కంపెనీ వాళ్ళకి ఇంకే పేరూ దొరకలేదా, హెలికాప్టర్ అని పెట్టారు? అయినా పేర్లకేంలే. మా పాలవాడి మోపెడ్ మీద ఇంతింత అక్షరాలతో రాకెట్ అని రాసి ఉంటుంది. మా వీధి ఎత్తు ఎక్కలేక రోజూ దిగి తోసుకుంటూ వస్తాడు.

నీ హెలికాప్టర్‌కి చక్రాలు రెండా, నాలుగా? రెండయితే ఈ వయసులో వద్దు. నాలుగయితే వెనకాల ఎర్ర రంగుతో L అని రాసిన బోర్డు తగిలించుకో. మన మానాన మనం మెల్లిగా పోతుంటే వెనకవాడు హారన్ కొట్టి చంపుతాడు. ఏ రంగు, ఎవరు నేర్పుతున్నారు, అసలు ఈ బుద్ధి ఎందుకు పుట్టింది, అన్నీ రాయి.

ఆశీస్సులతో, 
అక్క

తా.క. నా చెవుల సంగతి అలా ఉంచు. ఉత్తరం నేను కళ్ళతోనే చదువుతాను. కాబట్టి కాస్త పెద్దది రాయి.

---

అక్కయ్యకు నమస్కారం.

నువ్వు పొరపడ్డావు. నేను బండి కొనలేదు. హెలికాప్టర్ అన్నది బండి పేరు కాదు. నిజంగానే హెలికాప్టర్. గాల్లో ఎగురుతుంది. నెత్తి మీద రెండు పొడవాటి రెక్కలు గిరగిరా తిరుగుతాయి. తోక చివర ఒక చిన్న ఫ్యాను ఉంటుంది. చక్రాలు రెండూ లేవు, నాలుగూ లేవు. అడుగున రెండు ఇనప గొట్టాలుంటాయి, వాటి మీదే నేల మీద కూర్చుంటుంది. ఊరి బయట మైదానంలో అది నేర్పే స్కూలు ఒకటి ఉంది. క్లినిక్ తెరవకముందు పొద్దున్నే వెళ్ళొస్తున్నాను.

ఎందుకు ఈ బుద్ధి పుట్టిందని అడిగావు. నీ మరదలు పోయాక కింద క్లినిక్, పైన ఇల్లు, మధ్యలో మెట్లు, ఇంతే నా లోకం. పళ్ళ డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్ళంతా నోరు తెరిచేవాళ్ళే గానీ మాట్లాడేవాళ్ళు కాదు. నా చెయ్యి వాళ్ళ నోట్లో ఉన్నంతసేపూ పిల్లలు ఏం చదువుతున్నారు, ఇల్లు మారారా అని నేను అడుగుతూనే ఉంటాను. వాళ్ళు 'ఆ, ఆ' అంటారు. చెయ్యి తీయగానే మళ్ళీ ఎప్పుడు రావాలని అడిగి లేచిపోతారు. ఇదివరకు బయట గదిలో ఆవిడ కూర్చుని ఒక్కొక్కరినీ పేరు పెట్టి లోపలికి పిలిచేది. తలుపు సందులోంచి ఆ గొంతు వినపడుతుంటే నా పని నడిచిపోయేది. ఇప్పుడక్కడ గంట పెట్టాను. గంట కొడతాను, మనిషి వస్తాడు.

ఒకరోజు ఆ బయట గదిలో ఎవరో స్కూలు తాలూకు కాగితం వదిలేసి వెళ్ళారు. ఊరికే చూసొద్దామని వెళ్ళాను. రెక్కల చప్పుడుకి పక్కవాళ్ళ మాట వినపడదు గనక చెవులకు హెడ్‌సెట్ తగిలిస్తారు. మాస్టారు నాకది పెట్టి, తనూ ఒకటి పెట్టుకుని, పక్క సీట్లో కూర్చుని, మైకులో "వినపడుతోందా?" అని అడిగారు. అక్కయ్యా, నన్ను ఎవరైనా ఆ మాట అడిగి ఎంత కాలమైందో. మైకు సంగతి మరిచిపోయి తల ఊపాను. ఆయన విసుక్కోకుండా ఇంకోసారి అడిగారు. "వినపడుతోంది" అన్నాను. ఆ రోజే చేరిపోయాను.

ఇప్పటికి నీకు అర్థమై ఉంటుంది.

నీ తమ్ముడు

తా.క. L బోర్డు తోకకి కట్టడం కుదరదు. కడితే ఆ ఫ్యాను దాన్ని ముక్కలు చేసి ఊరందరికీ తలా ఒకటి పంచుతుంది.

---

అమాయకుడైన తమ్ముడికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పు. చక్రాలు ఎవరు పట్టుకుపోయారు?

బండికి చక్రాలు ఊడబీకి, గొట్టాల మీద నిలబెట్టి, నెత్తిన ఒక ఫ్యానూ తోకకి ఒక ఫ్యానూ బిగించి, "ఇది గాల్లో పోతుంది" అని నిన్ను నమ్మించినవాడు మామూలు మనిషి కాడు. పళ్ళు తప్ప వీడికి లోకం తెలియదని అమ్మ ఊరికే అనలేదు. ఫ్యాను సంగతి నేను కాదనను, ఎండాకాలం సుఖంగానే ఉంటుంది. కానీ గాల్లో పోవడం ఏమిటి? కొత్తగా నేర్చుకునేవాళ్ళకి అందరికీ అలాగే అనిపిస్తుంది. నేను మొదటిసారి సైకిలెక్కినప్పుడు నేల కనపడలేదు. కాలవలో పడ్డాక కనపడింది.

నీ మాస్టారు మంచిగా మాట్లాడుతున్నాడని మురిసిపోకు. చక్రాలు తీసేసినవాడు మంచిగా మాట్లాడక ఏం చేస్తాడు? అతను రోజూ ఏం నేర్పుతున్నాడో వరసగా రాయి. మోసం ఎక్కడుందో నేను పట్టుకుంటాను.

క్షేమం కోరే 
అక్క

తా.క. ఎదురింటి అమ్మాయి వయొలిన్ మొదలుపెట్టింది. పిల్లి తోక తలుపు సందులో పడినట్టుంది. సాయంత్రమైతే తల పగిలిపోతోంది.

---

అక్కయ్యకు,

చక్రాలు ఎవరూ పట్టుకుపోలేదు. తయారుచేసినవాళ్ళే పెట్టలేదు. దయచేసి ఈ ఉత్తరం మెల్లిగా చదువు.

దీంట్లో కష్టమైనది ముందుకి పోవడం కాదు, ఉన్నచోట ఉండటం. నేల మీది నుంచి మనిషెత్తు లేచి, ఎటూ పోకుండా గాల్లో అలా నిలబడాలి. ఎడమ చేతి పక్కన ఒక పిడి ఉంది, ఎత్తితే పైకి లేస్తుంది. మోకాళ్ళ మధ్య ఒక కడ్డీ ఉంది, ఎటు వంచితే అటు పోతుంది. పాదాల కింద పెడళ్ళు తోకను తిప్పుతాయి. ఒకదాన్ని సర్దితే మిగతా రెండూ అలుగుతాయి. వాటిని బుజ్జగించేలోగా మొదటిది మళ్ళీ మొహం మాడ్చుకుంటుంది. మొదటి రోజు పక్కకి పోయాను, వెనక్కి పోయాను, బొంగరంలా తిరిగాను. మైదానంలో గడ్డి కోస్తున్న మనిషి మిషన్ అక్కడే వదిలేసి పరుగు లంకించుకున్నాడు.

మాస్టారు ఒక్క కేక వేయలేదు. "కడ్డీని కదపకండి డాక్టరు గారూ, కదుపుదామని అనుకోండి, చాలు" అన్నారు. "దగ్గరగా చూడకండి, దూరంగా ఆ నీళ్ళ ట్యాంకు మీద చూపు పెట్టండి" అన్నారు. నేనేమో బతుకంతా జానెడు దూరంలో ఉన్న పన్నుని చూసినవాణ్ణి. అదీ చెప్పాను. "పర్వాలేదు. మళ్ళీ" అన్నారు. ఎన్నిసార్లు తప్పినా అదే మాట, అదే గొంతు. స్కూల్లో అందరూ ఆయన్ని మళ్ళీ మాస్టారు అంటారట.

ఇంకో పద్ధతి ఉంది. కంట్రోలు నాకు ఇచ్చేటప్పుడు ఆయన "మీదే" అంటారు. నేను "నాదే" అని పలికితేనే చెయ్యి తీస్తారు. నేను తడబడితే "నాదే" అని మెత్తగా తీసేసుకుంటారు. అప్పుడు నేను "మీదే" అనాలి. ఎవరి చేతిలోనూ లేని క్షణం ఒక్కటి కూడా ఉండకూడదట. నాకీ పద్ధతి చాలా నచ్చింది. ఇంట్లో ఇది లేక బాధగా ఉంది. పాలు పొంగుతుంటే నాదే అనాలి, వీధి తలుపు తీసి ఉంటే నాదే అనాలి, ఏదైనా నాదే. మీదే అనడానికి ఎదురుగా మనిషి లేదు.

కుర్చీలో కూర్చుని వణికే రోగులతో నేను మాట్లాడే గొంతు ఒకటుంది. మాస్టారు నాతో మాట్లాడేది అదే గొంతు. అది అవతలి వైపు నుంచి ఇంత బాగుంటుందని నాకిన్నాళ్ళూ తెలియలేదు.

నీ తమ్ముడు

తా.క. ఆయన జేబులో ఎప్పుడూ చాక్లెట్లుంటాయి. పాఠం అయ్యాక నాకూ ఒకటి ఇస్తారు. డాక్టరుగా వద్దనాలి. స్టూడెంటుగా పుచ్చుకుంటున్నాను.

---

తమ్ముడికి అక్క రాయునది.

మోసం దొరికింది. ఇద్దరు మనుషులు ఒకే బండిలో కూర్చుని "నాదే", "మీదే" అనుకుంటున్నారంటే ఆ బండి ఎవరిదో కాగితాలు సరిగ్గా లేవని అర్థం. పోలీసు ఆపినప్పుడు అతను "మీదే" అంటాడు, చూసుకో.

ఇక ఉన్నచోట ఉండటం నేర్పుతున్నాడన్నావు. దానికి మాస్టారెందుకురా? మా గేటు ముందు ఎవరిదో పాత కారు కిందటేడు నుంచి ఉన్నచోటే ఉంది. దానికి ఎవరూ పాఠాలు చెప్పలేదు. బ్రేకు తొక్కితే చాలని నీకు అతను చెప్పలేదంటే అసలు బ్రేకు కూడా పట్టుకుపోయి ఉంటారు. పైగా రోడ్డు చూడకుండా నీళ్ళ ట్యాంకు చూడమన్నాడా? నువ్వు వెళ్ళి దానికే గుద్దుతావు.

ఒక్కటి మాత్రం నాకు వింతగా ఉంది. నా టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నువ్వు నేర్చుకున్న రోజులు గుర్తున్నాయా? మిషన్ మీద గుడ్డ కప్పి, అక్షరాలు కనపడకుండా కొట్టించేదాన్ని. అందరికీ స్కేలు దెబ్బలు పడ్డాయి, నీకు పడలేదు. ఒక్క తప్పు కొట్టలేదు. ఆ తర్వాత ఇన్నేళ్ళు జనం పళ్ళ మీద చెయ్యి వణక్కుండా పని చేశావు. అలాంటివాడికి ఒక కడ్డీ కుదురుగా పట్టుకోవడం రావడం లేదా? ఆశ్చర్యమే.

కాస్త ఆలోచించి జవాబు రాయి. పెద్దది రాయి.

నీ మేలు కోరే 
అక్క

తా.క. చాక్లెట్లు ఇచ్చేవాళ్ళతో వెళ్ళకూడదని నీకు చిన్నప్పుడే చెప్పాను.

---

అక్కయ్యకు,

ఇది ఆగడానికి బ్రేకు ఉండదు. రోడ్డు ఉండదు. పోలీసు ఉండడు. నీకెలా చెప్పాలో నాకు పాలుపోవడం లేదు. హెలికాప్టర్ బొమ్మ ఒకటి గీసి పంపుతున్నాను. టైపు మిషన్‌కి ఎదురు గాలి తగలదు, దీనికి తగులుతుంది, అదీ తేడా. నా చేతుల సంగతి ఇక ఎత్తకు.

ఇవాళ మనసు బాగోలేదు. గాల్లో నిలబడటం వచ్చేశాక మాస్టారు దిగిపోతారట. నేను ఒక్కణ్ణే లేచి, మైదానం చుట్టూ తిరిగి, దిగాలట. అందరూ అలాగే చేయాలట. ఆ తర్వాత పాఠాలు తగ్గిపోతాయి, ఆయన వేరే కొత్తవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోతారు. "ఒంటరిగా ఉండటానికి పాఠాలెందుకు మాస్టారూ, ఆ విద్యలో నేను ఎప్పుడో పాసయ్యాను" అన్నాను. ఆయన నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు.

ముందుగానే ఒక జాగ్రత్త చెప్పారు. ఇది చిన్న బండి. నేర్చుకునేవాడు ఇద్దరి బరువుకి అలవాటు పడి ఉంటాడు. పక్కన మనిషి లేకపోతే బండి ఒక వైపుకి ఒరుగుతుంది. "కంగారు పడకండి, అది బండి తప్పు కాదు, మీ తప్పూ కాదు. పక్క సీటు ఖాళీ అయితే అంతే" అన్నారు. ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాను. మంచం మీద నేను ఇప్పటికీ నా వైపునే పడుకుంటున్నాను. అవతలి వైపు దుప్పటి మడత చెరగదు. నాది నేను సర్దుకుంటాను.

నాకు గాల్లో నిలబడటం ఇంకా రాలేదు. రోజూ ఇంచుమించు వచ్చి, ఆఖర్న పక్కకి జారిపోతుంది. మాస్టారు "మళ్ళీ" అంటూనే ఉన్నారు. నాకేం తొందర లేదు.

నీ తమ్ముడు

తా.క. బొమ్మలో పైన ఉన్నది గొడుగు కాదు. రెక్కలు.

---

చిరంజీవి తమ్ముడికి శుభాశీస్సులు.

ఇన్ని ఉత్తరాలకి ఒక్క మాట అర్థమయ్యేలా రాశావు. పక్కన మనిషి లేకపోతే బండి ఒరుగుతుంది! నీ మాస్టారికి చక్రాల గురించి తెలియకపోయినా సంసారం గురించి బాగా తెలుసు. ఆయన మీద నాకున్న అనుమానాలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

ఆ మాట నువ్వు నాతో సూటిగా చెప్పలేక, హెలికాప్టర్ అనీ గాలి అనీ చుట్టూ తిప్పి చెప్పావన్నమాట. అక్క దగ్గర సిగ్గేమిటి? మరదలు పోయి ఏళ్ళు గడిచాయి. నేనే ముందు ఎత్తాల్సింది. మా వీధి లైబ్రరీలో పుస్తకాలిచ్చే ఆవిడ ఉంది. నెమ్మదస్తురాలు, నిండైన మనిషి, ఒరిగే బండిని నిలబెట్టగల మనిషి. నీ సంగతి కొంచెం కదిపాను. బండిలో ముందు సీటు అయితే అభ్యంతరం లేదంది. కిటికీ మాత్రం తెరిచి ఉండాలట. పుస్తకం చదువుకుంటూ కూర్చుంటుందట, కాబట్టి నువ్వు నీళ్ళ ట్యాంకు చూసుకోవచ్చు.

నీ గొడుగు బొమ్మ ఆవిడకి చూపించాను. గొడుగున్న బండి మంచిదే, వర్షాకాలం పనికొస్తుందంది.

మంచి మాట కోసం ఎదురుచూసే 
అక్క

తా.క. నీ పళ్ళు బాగున్నాయా అని అడిగింది. డాక్టరువి కదా, అవి నీవేనని చెప్పాను.

---

అక్కయ్యా,

ఆ సంబంధం వెంటనే ఆపు! నీకు దణ్ణం పెడతాను. ఆవిడకి నా క్షమాపణలు చెప్పు. నేను చెప్పింది బండి గురించి. ఇనుముతో చేసిన బండి గురించి. నాకు పెళ్ళి అక్కర్లేదు. నాకు కావలసింది చెవిలో ఒక గొంతు, అంతే.

ఆ గొంతు కూడా పోయేలా ఉంది. చెప్తాను విను.

ఇవాళ సెలవు రోజు మాస్టారు దవడ పట్టుకుని క్లినిక్‌కి వచ్చారు. చెంప పూరీలా ఉబ్బింది. చాక్లెట్లు ఊరికే పోతాయా. కుర్చీలో వెనక్కి వాలారు. ఆకాశంలో బండి గింగిరాలు కొట్టినా చెక్కుచెదరని మనిషి, నా పట్టకారు చూసి రెండు చేతులతో కుర్చీని పట్టుకున్నారు. "పర్వాలేదు మాస్టారూ. పన్ను గురించి ఆలోచించకండి. కిటికీలోంచి దూరంగా చూడండి" అన్నాను. లోపలి దవడ పన్ను, వేరు వంకర తిరిగి ఉంది. మెల్లిగా వదులు చేసి తీశాను. తీసినట్టు ఆయనకి తెలియలేదు. గిన్నెలో టంగుమన్నాక కళ్ళు తెరిచారు.

నోటినిండా దూది. మాట్లాడకూడదన్నాను. ఆయన నా చేతుల వంక చాలాసేపు చూశారు. తర్వాత బల్ల మీది మందుచీటీల పుస్తకం లాక్కుని రాశారు: "ఈ చేతులా గాల్లో వణికేది?"

అక్కయ్యా, నీతో కూడా అబద్ధమే రాశాను. గాల్లో నిలబడటం నాకు ఎప్పుడో వచ్చేసింది. వచ్చిందని నాకు తెలిసిన రోజున భయం వేసింది. అప్పటి నుంచి నిలబడినట్టే నిలబడి, ఆఖర్న కావాలని కడ్డీని పక్కకి నెడుతున్నాను. "మళ్ళీ" అంటారు కదా అని. రోజులో నాతో ఎవరైనా మాట్లాడేది అప్పుడే. ఆయన ఓపికని దొంగిలించాను. ఆయనకి అదంతా చెప్పేశాను. జీవితంలో మొదటిసారి కుర్చీలో ఉన్న మనిషి కాకుండా పక్కన నిలబడ్డ డాక్టరు నోరు తెరిచాడు.

ఆయన కోప్పడలేదు. ఇంకో చీటీ రాశారు: "రేపు నేను దిగిపోతాను. మాట్లాడుకోవడానికి హెలికాప్టరే ఉండక్కర్లేదు. టీ చాలు."

రేపు వెళ్ళాలా వద్దా అని కూర్చున్నాను. ఒళ్ళు బాగోలేదని చెప్పేద్దామని ఉంది.

నీ తమ్ముడు

తా.క. రెండు చీటీలూ చించి తీసుకెళ్ళారు. మందులు మాత్రం రాయించుకోవడం మరిచిపోయారు.

---

తమ్ముడూ,

లైబ్రరీ ఆవిడకి చెప్పేశాను, మావాడు పళ్ళూడగొట్టే రకమని. 

నీ బండి గోల నాకు ఎలాగూ అర్థం కాదు గానీ ఒకటి మాత్రం వినరా. దిగిపోతానన్న మనిషిని దిగనివ్వు. రానట్టు నటించి ఎవరినైనా ఎన్నాళ్ళు పక్కన కూర్చోబెట్టుకోగలం? ఈ ఉత్తరం చేరేసరికి నువ్వు వెళ్ళకపోయి ఉంటే, చదవగానే లేచి వెళ్ళు.

వెళ్ళొచ్చి రాయి. ఏమైందో రాయి. ఏమీ కాకపోయినా రాయి. అదే రోజు పోస్టులో వెయ్యి.

అక్క

తా.క. L బోర్డు లేకపోయినా ఫర్వాలేదు.

---

అక్కయ్యకు నమస్కారం.

నీ ఉత్తరం అందాకే వెళ్ళాను. దానికి ముందు ఒళ్ళు బాగోలేదని వారం రోజులు ఎగ్గొట్టాను.

మాస్టారు పక్కన కూర్చుని ఒకసారి లేపమన్నారు. లేపాను. నీళ్ళ ట్యాంకు చూస్తూ నిలబడ్డాను. బండి గోడకి కొట్టిన మేకులా నిలిచింది. ఆయన కిందికి దింపించారు. పక్క సీటు బెల్టులు మడిచి కట్టి, నా భుజం మీద తట్టి, "మీదే" అన్నారు. 

"నాదే" అన్నాను. తలుపు వేసి, వంగి నడుచుకుంటూ వెళ్ళి గడ్డి కోసే మనిషి పక్కన నిలబడ్డారు. ఇద్దరూ చేతులు కట్టుకున్నారు.

పిడి ఎత్తాను. ఎప్పుడూ లేచేదానికంటే ముందే లేచిపోయింది. తేలికైపోయింది కదా. ఆ తేలిక నాకు నచ్చలేదు. వెంటనే నా వైపుకి ఒరిగింది, ఆయన చెప్పినట్టే. చెయ్యి దానంతట అదే సర్దింది. ఒరిగి కూడా పడిపోకుండా ఉండొచ్చని అప్పుడు తెలిసింది. ఒరిగే ఎగిరాను. ఊరంతా కింద కనపడింది. మా క్లినిక్ డాబా, దాని మీద ఆరేసిన నా చొక్కా ఒక్కటీ కనపడ్డాయి. అంత పై నుంచి చూస్తే ఆ చొక్కా మీద జాలేసింది.

సగం చుట్టు తిరిగాక చెవులు ఖాళీగా అనిపించాయి. రెక్కల హోరు తప్ప ఏమీ లేదు. పక్క సీటు వైపు తిరిగి, మైకులో "వినపడుతోందా?" అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు. ఎవరిని అడిగానో కూడా తెలియదు. ఎవరూ పలకలేదు. ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. అలాగే దిగాను. చక్కగానే దిగాను.

మాస్టారు పరుగున వచ్చి, చేతులు పట్టుకుని ఊపేశారు. ఇద్దరం టీ తాగాం. తన చాక్లెట్లన్నీ గడ్డి కోసే మనిషికి ఇచ్చేశారు. 

నేర్చుకోవడం ఒక కొలిక్కి వచ్చింది గనక ఇక రాయడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఇన్ని రాసినా నీకు అది బండే అనిపిస్తోంది. ఇక నిన్ను విసిగించను. లైసెన్సు వచ్చాక నాలుగు ముక్కలు రాస్తాను.

నీ తమ్ముడు

తా.క. గడ్డి కోసే మనిషికి ఇప్పుడు పళ్ళ నొప్పి. రేపు క్లినిక్‌కి వస్తున్నాడు.

---

నా తమ్ముడికి,

నువ్వు నాలుగు ముక్కలు రాస్తానన్న ఉత్తరం ఇప్పుడే అందింది. ఇక లాభం లేదు, చెప్పేస్తున్నాను.

హెలికాప్టర్ అంటే ఏమిటో నాకు తెలుసురా. నేను టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపినదాన్ని. ఊళ్ళో సగం ఆఫీసుల అర్జీలు నా చేతుల మీదుగా వెళ్ళాయి. నీ మొదటి ఉత్తరం చదవగానే గుండె ఆగినంత పనైంది. అంత పెద్ద సంగతి వర్షాలు తగ్గాయన్న మాట పక్కన పడేసి, "ఇంతకు మించి విశేషాలు లేవు" అని సంతకం పెట్టావు. మరదలు పోయాక నువ్వు రాసిన ఉత్తరాలన్నీ అలాంటివే. క్షేమం, క్షేమమని తలుస్తాను, సంతకం. అప్పుడు నాకు తోచింది. అర్థమైందని రాస్తే అక్కడితో ఆగిపోతావు, అర్థం కాలేదంటే వివరంగా రాస్తావు. చక్రాలెన్ని అని అడిగాను. మూడు పేజీలు వచ్చాయి.

చక్రాలు ఎవరు పట్టుకుపోయారు అని రాసేటప్పుడు నేను ఎంత నవ్వానో నీకు తెలియదు. ఇన్‌స్టిట్యూట్ మూసేశాక మిషన్లన్నీ గుడ్డలు కప్పుకుని ముందు గదిలో వరసగా కూర్చుని ఉంటాయి. రోజూ ఒకదాని గుడ్డ తీసి, ఏదో ఒక పేజీ కొట్టి, మళ్ళీ కప్పేస్తాను. గదిలో చప్పుడు ఉండాలి కదా. నీ పెద్ద ఉత్తరాలు రావడం మొదలయ్యాక వాటినే కొడుతున్నాను. ఒక్కొక్క ఉత్తరం ఒక్కొక్క మిషన్ మీద. ఒంటరిగా లేచిన ఉత్తరం మాత్రం మధ్యలో ఆపేశాను. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

నువ్వు కావాలని తప్పుతున్నావని కూడా నాకు ముందే తెలుసు. ఆ వేళ్ళకి నేర్పినదాన్ని నేను. అడిగితే ఎదురు గాలి అంటూ ఏదో చెప్పావు. నేను పోనిచ్చాను. రానట్టు నటించి నువ్వు మాస్టారిని కూర్చోబెట్టుకున్నావు, తెలియనట్టు నటించి నేను నిన్ను కూర్చోబెట్టుకున్నాను. ఒకే అమ్మ కడుపున పుట్టాం, బుద్ధులు ఎక్కడికి పోతాయి? రానట్టు నటించి ఎవరినైనా ఎన్నాళ్ళు పక్కన కూర్చోబెట్టుకోగలం అని నీకు రాశానే, ఆ వాక్యం రాసి చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను.

నీ మాస్టారు చెప్పినదే నిజం. దిగిపోయాక కూడా మాట్లాడుకోవచ్చు. కాబట్టి ఇక నేను నటించను. నువ్వూ పొదుపుగా రాయకు. నీ చొక్కా గురించి రాయి, గడ్డి కోసే మనిషి పన్ను గురించి రాయి. మనుషుల్ని ఎక్కించుకోవచ్చని లైసెన్సు ఇచ్చిన రోజున ఆ పక్క సీటు ఎవరికీ ఇవ్వకు. మా ఊరికి రావడానికి నీకు రోడ్డు కూడా అక్కర్లేదు కదా. నా బరువెంతో కాగితం మీద పెట్టను గానీ, బండి మాత్రం నీ వైపుకి ఒరగదు.

నాదే.

నీ అక్క

తా.క. లైబ్రరీ ఆవిడ నిజంగానే ఉంది. ఆవిడకి మొగుడు కూడా ఉన్నాడు. నీ గొడుగు బొమ్మ చూసి ఇద్దరూ బాగుందన్నారు.

ఇంకో తా.క. వయొలిన్ గురించి రాసినప్పుడైనా నీకు అనుమానం వస్తుందనుకున్నాను. నా చెవులు భేషుగ్గా ఉన్నాయి. ఫోన్‌లో నువ్వు "ఆఁ, సరే, ఉంటా" తప్ప ఇంకో మాట అనవు, అందుకే వినపడటం లేదన్నాను. ఇప్పుడు కూడా ఫోన్ చెయ్యకు, రాయి. ఆ రోజు పైన ఖాళీ సీటుని ఒక మాట అడిగావు. వినపడుతోంది.